గోధుమరంగు చుక్కలు

అసూయ పట్టిన మనిషికి ముందుగా పదునెక్కేది చూపు కాదు, వినికిడి. డాక్టర్ లోర్నా ఎన్‌రైట్ ఈ సంగతిని ఏ గ్రంథంలోనూ చదవలేదు. మైక్రోస్కోపు మీద కళ్లు ఆన్చి, చెవులను నడవాలోకి వదిలి, స్వయంగా నేర్చుకున్నది. బూట్ల చప్పుడు మలుపు తిరగగానే అది సర్జన్ బ్రెట్ కాసినెల్లిదని ఆమెకు తెలిసిపోయేది. ఆ చప్పుడు ఆమె తలుపు దాకా వచ్చేది. అక్కడ కొంచెమైనా నెమ్మదించకుండా దాటిపోయి, నడవా చివరి తలుపు దగ్గర ఆగేది. ఆ తరువాత కేలబ్ ట్రెంబత్ నవ్వు.

ఒకప్పుడు ఆ బూట్లు ఆమె తలుపు దగ్గరే ఆగేవి. ఎండలు మండే ఆస్ట్రేలియా ఊరు టౌన్స్‌విల్‌లో చర్మం మీద మచ్చ కోయించుకోని ఇల్లు లేదు. ఆ కోసిన మచ్చల్లో అనుమానమున్నది ఏదైనా చివరికి లోర్నా బల్ల మీదికి రావలసిందే. "లోర్నా ఏమంది?" అన్నది ఆ ఆసుపత్రిలో ప్రశ్న కాదు, ఒక ఆచారం. గులాబీ, ఊదా రంగులు అద్దిన మామూలు స్లైడును ఆమె అటూ ఇటూ జరిపి, "ఇది ఊరుకుంటుంది" అనో, "ఇది ఊరుకోదు" అనో చెప్పేది. కారణాలు తరువాత రాసేది. ఆమె మాట ఎన్నిసార్లు నిజమైందో ఎవరూ లెక్కపెట్టలేదు. నిజం కాని సందర్భాలను అసలే లెక్కపెట్టలేదు. పేరుప్రతిష్ఠలు చాలావరకు అలాగే నిలబడతాయి.

కేలబ్ ఆమె శిష్యుడే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాన్ని ఎలా గుర్తుపట్టాలో అతనికి నేర్పినది ఆమె. మెల్‌బోర్న్ వెళ్లమని సిఫారసు చేసినదీ ఆమే. అక్కడ ఆరేళ్లు ఉండి, అతడు కొత్త విద్యతో తిరిగి వచ్చాడు. ఏకు మేకైందంటారే, ఆ సామెత అర్థం ఆమెకు అప్పుడు తెలిసింది.

అతని విద్యలో మాయమంత్రాలేమీ లేవు. కణం రెండుగా చీలాలంటే వరసగా కొన్ని మెట్లెక్కాలి. ఆ మెట్ల మీద ఆపే ప్రోటీన్లుంటాయి, తోసే ప్రోటీన్లుంటాయి. పీ16 ఆపేది, సైక్లిన్ డీ1 తోసేది. కీ-67 అనేది ఒకటుంది. అది ఆపదు, తోయదు, కణం మెట్లెక్కుతున్నంతసేపూ ఉండి, కణం విశ్రాంతి తీసుకోగానే మాయమవుతుంది. ఒక విధంగా సాక్షి. ఈ మూడింటికీ రంగులద్ది, ఎన్ని కణాల్లో ఏది ఉన్నదో లెక్కగట్టి, కేలబ్ ఒక అంకె తయారుచేసేవాడు. అంకె పెద్దదైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువన్న మాట. కోసి ఊరుకోవడానికి మందంగా, మందు మొదలుపెట్టడానికి పలచగా అనిపించే సందిగ్ధపు కణితుల విషయంలో, ఆ అంకెను కూడా, వైద్యులంతా కేసులు చర్చించే మంగళవారం సమావేశం ముందు పెట్టడానికి ఆసుపత్రి పరిశోధనా సంఘం అనుమతించింది.

దానితో ప్రశ్న మారిపోయింది. "కేలబ్ అంకె ఎంత?" అంటున్నారు ఇప్పుడు.

లోర్నా అభ్యంతరాలు చెప్పింది. చూసిన రోగుల సంఖ్య తక్కువ; అందరూ ఒకే ఆసుపత్రి వాళ్లు; ఆ అంకె ఇంకో ఊళ్లో ఇలాగే పనిచేస్తుందన్న రుజువు లేదు. అభ్యంతరాలన్నీ న్యాయమైనవే. వాటిని ఆమె నోటికి అందించినది మాత్రం న్యాయం కాదు. పచ్చి కడుపుమంట కూడా ఒక్కొక్కప్పుడు సరైన వాదమే చేస్తుంది. వినేవాడికి అందులోని వాదం పోయి మంటే తగులుతుంది.

"అదేంటి లోర్నా, మీరే కదా రుజువు చూపించందే దేన్నీ నమ్మొద్దనేది?" అన్నాడు కాసినెల్లి ఒకసారి. "ఇతను చూపిస్తున్నాడు మరి. మీ కన్ను మాత్రం ఎప్పుడు ఏ పరీక్ష రాసింది?"

అందరూ నవ్వారు. కేలబ్ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆమెకు కొంత హాయిగా ఉండేది.

ఆ గురువారం మధ్యాహ్నం ఆమె ఉమ్మడి గదిలోకి వెళ్లింది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూడగలిగే పెద్ద మైక్రోస్కోపు అక్కడుంది. కేలబ్ ఒక స్లైడును దాని మీదే వదిలి ఎక్కడికో వెళ్లాడు. వాళ్ల వృత్తిలో ఒక బలహీనత ఉంది: ఎవరిదో స్లైడు కటకం కింద కనబడితే చూడకుండా తీసి పక్కన పెట్టలేరు. లోర్నా కూర్చుంది.

కీ-67 అద్దిన స్లైడు. ఆ ప్రోటీను ఉన్న కణాల కేంద్రకాలు గోధుమరంగులో కనిపిస్తాయి, లేనివి నీలంగా. కేలబ్ ఒకచోట సిరాతో వలయం గీశాడు. కణితిలో అన్నిటికంటే చిక్కగా గోధుమరంగు కనిపించే చోటును ఎన్నుకుని అక్కడే లెక్కపెట్టాలన్నది నియమం. ఆ చోటే అన్నిటికంటే వేగంగా పెరుగుతున్నదని దాని తర్కం. వలయంలోని గోధుమ చుక్కలను కంప్యూటరు లెక్కపెట్టింది. పక్కనున్న కాగితం మీద ఫలితం: వందకు ముప్పై ఒకటి. పేరు, టెగన్ రీవ్. వయసు ఇరవై తొమ్మిది.

లోర్నా పెద్ద కటకం తిప్పింది. చూసింది. చూపు తీసి, కిటికీ అవతలి కాసిల్ హిల్ కొండను కాసేపు చూసి, మళ్లీ కటకానికి ఆన్చింది.

ఆ చుక్కలు మెలనోమా కణాలవి కావు. చిన్నవి, గుండ్రనివి, కుదురుగా ఉన్నవి. కణితి మీద యుద్ధానికి వచ్చిన తెల్లకణాలవి, లింఫోసైట్లవి. వాటికీ ప్రాణముంది, అవీ చీలతాయి, చీలేటప్పుడు వాటిలోనూ కీ-67 ఉంటుంది. శత్రువును లెక్కపెట్టబోయి కేలబ్ సొంత సైన్యాన్ని లెక్కపెట్టాడు. చిక్కని గోధుమరంగున్న చోటును ఎన్నుకోమన్న నియమమే అతన్ని తెల్లకణాలు గుంపుకట్టిన చోటికి తీసుకుపోయింది. వలయం అవతల, అసలు మెలనోమా కణాల్లో, గోధుమరంగు అక్కడొకటీ ఇక్కడొకటీ; వందకు ఐదారు ఉంటే ఎక్కువ.

మెలనోమాలో సహజంగా ఉండే నల్లని గోధుమవర్ణాన్ని చూసి మోసపోయేవారు కొత్తవాళ్లు. కేలబ్ కొత్తవాడు కాడు. అతడు చేసినది అనుభవజ్ఞుడి తప్పు; నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాడు మాత్రమే చేయగలిగిన తప్పు.

లోర్నాకు ఒళ్లు వెచ్చబడింది. చాలా కాలంగా ఎరగని సంతోషం అది. ఎదుటి తలుపు కేలబ్‌ది. వెళ్లి, "ఇటు రా, ఒకటి చూపిస్తాను" అంటే అయిపోయేది. ఒకప్పుడు ఆమె శిష్యులందరికీ నేర్పిన మొదటి మర్యాద అదే: మరొకరి స్లైడులో తప్పు కనిపిస్తే ముందు వాళ్ల చెవిన వెయ్యండి, సంతకం పెట్టిన చేతితోనే దిద్దించండి.

అడుగుల చప్పుడు వినబడింది. ఆమె లేచి నిలబడింది.

"అయ్యో, స్లైడు వదిలేశానా?" అన్నాడు కేలబ్. "సారీ లోర్నా. మీకు అడ్డమైంది."

"ఫరవాలేదు."

"చూశారా? బాగా ఉరకలేస్తోంది ఇది. చిన్న వయసు, పాపం."

"మంగళవారం సమావేశంలో పెడుతున్నావా?"

"పెడతాను. తెర మీద ఈ స్లైడే చూపిస్తాను."

"చూపించు" అంది లోర్నా. "చూద్దాం."

తన గదిలోకి వచ్చి కూర్చున్నాక, ఆమె తనకు తాను ఒక ప్రశ్న వేసుకుంది. ఆమెలో అసూయ ఎంతున్నా, బుద్ధి అంతగా చెడలేదు. నేను చూసినదాన్ని నేను చూశానా, లేక చూడాలనుకున్నానా? ఎదుటివాడి తప్పు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన మనిషి సాక్ష్యానికి విలువెంత? దీనికి జవాబు ఆలోచనలో దొరకదు, పరీక్షలోనే దొరుకుతుంది. ఆమె కిందికి దిగి, రంగులద్దే విభాగం చూసే గ్లెనిస్ ఫ్యూరీ దగ్గరికి వెళ్లింది. అదే కణితి నుంచి ఇంకొక పొర కోసి, మెలనోమా కణాలకు ఎరుపు, కీ-67కు గోధుమ, రెండు రంగులూ ఒకే స్లైడు మీద అద్దమని అడిగింది.

"ఎవరికోసమే ఈ సింగారం?" అంది గ్లెనిస్.

"పాఠం చెప్పడానికి."

"ఎవరికి?"

"అద్దుతావా, అద్దవా?"

శుక్రవారం పదిగంటల టీ వేళకు స్లైడు వచ్చింది. గ్లెనిస్ స్వయంగా తెచ్చింది. ఒక చేతిలో స్లైడు, ఒక చేతిలో వెజిమైట్ రాసిన టోస్టు. లోర్నా ఉమ్మడి గదిలోని పెద్ద మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఎర్రని కణాలు ఎర్రగా, ప్రశాంతంగా ఉన్నాయి. వాటి నడుమ గోధుమ చుక్కలు ఎరుపేమీ అంటకుండా విడిగా ఉన్నాయి. రెండూ కలిసిన కణం కోసం వెతకవలసి వచ్చింది.

ఆమె చూసినది నిజం. ఈ సంతోషం నిన్నటిదానికన్నా చల్లగా, గట్టిగా ఉంది. ఫోనుతో ఒక ఫొటో తీసుకుంది.

గ్లెనిస్ రెండో వైపు కటకాల్లోంచి తనూ చూసింది. ముప్పై ఏళ్లుగా రంగులద్దుతున్న మనిషికి ఒకరు విప్పి చెప్పనక్కరలేదు.

"కేలబ్ కేసే కదా ఇది. చెప్పావా అతనికి?"

"మంగళవారం చెబుతాను."

"ఇవాళ శుక్రవారం."

"నాకూ క్యాలెండరుంది గ్లెనిస్."

"అతని గది అదిగో, ఉమ్మితే పడేంత దూరంలో ఉంది. మంగళవారం దాకా ఎందుకాగడం? ఓహో." గ్లెనిస్ టోస్టు నమలడం ఆపింది. "అందరూ ఉండాలి. కాసినెల్లి ముందు వరసలో కూర్చోవాలి. అంతేనా?"

"సమావేశం ఉన్నదే అందుకు. చర్చకు."

"చర్చట! ఒసే, పెళ్లి చూడ్డానికి పోయినట్టు జుట్టు కూడా సింగారించుకుంటావేమో."

"మంగళవారం లోపల ఎవరికీ ఏ మందూ ఎక్కించరు. సమావేశం ఒప్పుకుంటేనే మందు. నాలుగు రోజుల్లో కొంప మునిగిపోదు."

"నీకెలా తెలుసు?"

"ఎప్పుడైనా మునిగిందా?"

"సరే. నాకెందుకు, రంగులద్దే దాన్ని. సంతకాలు మీవి, సంగ్రామాలూ మీవే." గ్లెనిస్ లేచి, తలుపు దగ్గర తిరిగింది. "ఒక్కటి చెప్పనా? రెండేళ్లలో నిన్నింత అందంగా చూడలేదు. భయమేస్తోంది."

శని, ఆదివారాలు లోర్నా తన వాక్యాలను సాధన చేసింది. స్ట్రాండ్ అనే తీరపు దారి మీద సముద్రపు గాలికి నడుస్తూ, ఆర్కిడ్లకు నీళ్లు చల్లుతూ, ఒక్కొక్క మాటనూ రుచి చూసింది. "కేలబ్, ఇవి లింఫోసైట్లు" అని మొదలుపెడితే కటువు. "కేలబ్, ఆ వలయంలోని కణాలు ఏమిటో ఒక్కసారి చెబుతావా?" అనాలి. ప్రశ్నగా అడగాలి. ప్రశ్న అయితే అసూయలా వినబడదు. అతడు తెర వైపు తిరుగుతాడు. పెద్ద కటకం తిప్పమని ఆమె మెల్లగా అడుగుతుంది. అతని మెడ ఎర్రబడుతుంది; చిన్నప్పటి నుంచీ, అంటే ఆమె దగ్గర చేరిన నాటి నుంచీ, అతనికి ముందు మెడే ఎర్రబడేది. అప్పుడు కాసినెల్లి వెనక్కి తిరిగి ఆమె ముఖం చూస్తాడు. ఆ చూపు ఎలా ఉండాలో కూడా ఆమె నిర్ణయించింది. తరువాత తాను అనవలసిన మాట, "ఇలాంటివి ఎవరికైనా జరుగుతాయి" అన్నది, అన్నిటికంటే ఎక్కువసార్లు సాధన చేసింది. దానిలో ఉండవలసిన క్షమ ఎంతకీ పాళ్లు కుదరలేదు.

టెగన్ రీవ్ ఆమె తలపులోకి రాలేదు. ఇది క్రూరత్వమని చెప్పలేం. స్లైడుల మీద బతికేవాళ్లకు రోగి ముఖం ఉండదు. వయసు, కోసిన చోటు, మందం, అంతే. ఈ టెగన్‌కు ఎడమ పిక్క మాత్రమే ఉంది.

సోమవారం షో సెలవు. పశువుల, కోళ్ల పోటీలు చూడటానికి ఊరంతా ప్రదర్శన మైదానానికి పోయే రోజు. లోర్నా ఆలస్యంగా లేచి, టీ పెట్టుకుని, మర్నాటి సమావేశానికి గది ఏదో చూసుకుందామని ఆసుపత్రి ఈమెయిలు తెరిచింది. కాసినెల్లి శుక్రవారం సాయంత్రం రాసిన ఉత్తరం కనిపించింది. షో వారం కాబట్టి సగం మంది ఊళ్లో ఉండటం లేదని, ఈ మంగళవారం సమావేశం ఉండదని రాశాడు. ఉన్న కేసులు నాలుగే, అభ్యంతరాలుంటే ఈమెయిలులోనే చెప్పండన్నాడు. కింద ఒక్కొక్క కేసు గురించి రెండు మూడు వాక్యాలు. రీవ్ దగ్గర ఇలా ఉంది: కేలబ్ అంకెను బట్టి సందేహానికి తావు లేదు. నేనే ఫోను చేసి మాట్లాడాను. మంగళవారం ఉదయం మొదటి మోతాదు ఎక్కిస్తున్నాం. పది వారాల పాప ఉంది; మందు మొదలుపెట్టే ముందు తల్లిపాలు మాన్పించాలని చెప్పాను. ఈ రాత్రి నుంచే సీసా పాలు అలవాటు చేస్తానంది. ఏడ్చింది కానీ ధైర్యమున్న పిల్ల.

ఆ ఉత్తరం చదివినప్పుడు లోర్నాలో మొదట కదిలినది జాలి కాదు. సమావేశం లేదన్న బాధ. రెండు రోజులు వండి వార్చిన విందుకు అతిథులు రావటం లేదన్న బాధ. ఆ బాధ పూర్తిగా ఆరకముందే, రెండోసారి చదివినప్పుడు, పాప కనిపించింది.

పది వారాల పాప. శుక్రవారం రాత్రి నుంచి సీసా. ఆమె శుక్రవారం ఉదయం ఫొటో తీసుకుంది.

టీ చల్లారిపోయింది. ఆమె బుద్ధి తన అలవాటు ప్రకారం దారులన్నీ వరసగా పరిచి చూపించింది. ఊరుకోవచ్చు. ఆ మందు వల్ల మేలు కూడా జరగవచ్చు. ఆ తెల్లకణాల గుంపు చూస్తే ఈ కణితి తిరిగి రాదనిపిస్తున్నది కానీ, అనిపించడం రుజువు కాదు. అయితే ఆ మందు తెల్లకణాలకు కళ్లెం విప్పుతుంది. విప్పిన సైన్యం ఒక్కొక్కసారి సొంత ఇంటి మీదే పడి పేగులనో, థైరాయిడ్‌నో, అడ్రినల్ గ్రంథులనో కాల్చేస్తుంది. జీవితాంతం మాత్రలు మింగుతూ బతికేవాళ్ల స్లైడులు కూడా ఆమె చూసింది. అవసరమున్నవాళ్లకు అది చెల్లించదగిన మూల్యమే. ఈ అమ్మాయికి అవసరమని చెప్పినది మాత్రం ఒక తప్పు వలయం.

ఇంకొక దారి: కాసినెల్లికే ఫోను చేయడం. "కేలబ్ తప్పు లెక్కపెట్టాడు, నేను కనిపెట్టాను." సభ లేకపోయినా ముఖ్య ప్రేక్షకుడు మిగిలే ఉన్నాడు. ఆమె అతని నంబరు దాకా వెళ్లింది. వేలు అక్కడ ఆగిపోయింది. సంతకం పెట్టిన చేతితోనే దిద్దించాలి. ఆ మర్యాదను ఒకసారి తప్పింది; రెండోసారి తప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా అంత స్వచ్ఛమైనదేమీ కాదు. రెండోసారి తప్పితే కేలబ్‌కు తెలుస్తుందన్న భయం అందులో సగం.

కేలబ్‌కు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. గ్లెనిస్‌కు చేసింది.

"కోళ్ల షెడ్డులో ఉంటాడు" అంది గ్లెనిస్. "పెట్టను తీసుకెళ్లాడుగా పోటీకి. ఆ కొక్కొరోకోల్లో ఫోనేం వినబడుతుంది? ఎందుకు?" లోర్నా చెప్పింది. "నేను ఏమీ అనను" అంది గ్లెనిస్. "నువ్వే అనుకుంటున్నావుగా. పో."

మైదానం కిక్కిరిసి ఉంది. రంగులరాట్నం మీద పిల్లల అరుపులు, పిండిలో ముంచి వేయించిన సాసేజి పుల్లల నూనె వాసన, ఎద్దుల ఊరేగింపు లేపిన దుమ్ము. గొడ్డళ్లతో దుంగలు నరికే పోటీ దగ్గర చప్పట్లు మోగుతున్నాయి. తోపుడు బండిలో పసిపాపను తోసుకుపోతున్న ప్రతి తల్లి వైపూ లోర్నా చూడకుండా ఉండలేకపోయింది. ఈ జనంలో టెగన్ రీవ్ ఉన్నా తనకు తెలియదు. ఎడమ పిక్క మీద కట్టు ఉంటుంది, అంతే తెలుసు.

కోళ్ల షెడ్డులో వరసలు వరసలుగా తీగె పంజరాలు. కేలబ్ నలిగిన టోపీ పెట్టుకుని, నల్లగా మెరుస్తున్న ఆస్ట్రలార్ప్ జాతి పెట్టను చంకలో ఇరికించుకుని, ఎవరో ముసలాయనతో మాట్లాడుతున్నాడు. పంజరానికి నీలిరంగు రిబ్బను. మొదటి బహుమతి. ఇక్కడ కూడా, అనుకుంది లోర్నా. అలాంటి వేళ కూడా ఆ ఆలోచన రావడం చూసి, అంతకంటే ఎక్కువగా అది అలవాటైన కుక్కలా తోక ఊపుకుంటూ రావడం చూసి, ఆమెకు విసుగు కలిగింది.

"లోర్నా! మీరూ వస్తారా షోకి? నేనెప్పుడూ చూడలేదే." అతని ముఖం విప్పారింది. "ఇదిగో, మా మహారాణి. ముట్టుకోండి, ఏమీ అనదు."

"రీవ్ కేసులో నీ అంకె తప్పు."

ముసలాయన మెల్లగా పక్క పంజరం వైపు జరిగాడు. కేలబ్ పెట్టను పంజరంలో దింపి, చేతులు పంట్లాముకు తుడుచుకున్నాడు. ఆమె ఫోను అందించింది. అతడు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. మెడ ఎర్రబడింది. ఆమె రెండు రోజులు ఊహించుకున్నట్టే ఎర్రబడింది. కానీ చూడటానికి అక్కడ కోళ్లు తప్ప ఎవరూ లేరు.

"లింఫోసైట్లు" అన్నాడు.

"అవును."

"వలయం మొత్తం?"

"దాదాపు. అసలైనవి వందకు ఐదు. ఆరనుకో."

"చిక్కగా ఉందని అక్కడే గీశాను. పెద్ద కటకం పెట్టి చూడలేదు. కంప్యూటరు చూసుకుంటుందనుకున్నాను." అతడు టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఎంత తెలివితక్కువ పని! రేపు పొద్దున మందు కదా ఆమెకు?"

"అందుకే వచ్చాను."

అతడు మారుమాట లేకుండా కాసినెల్లికి ఫోను కలిపాడు. షెడ్డు గోలలో వినబడక, స్పీకరు పెట్టి ఫోనును ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు.

"ఏరా కేలబ్, నీ కోడి గెలిచిందా?" అంది కాసినెల్లి గొంతు. వెనక ఎక్కడో మాంసం కాలుతున్న చిటపటలు.

"బ్రెట్, రీవ్ మందు ఆపెయ్. నేను తప్పు లెక్కపెట్టాను. తెల్లకణాలను లెక్కపెట్టాను. తప్పు నాదే. అసలు అంకె చాలా చిన్నది. సవరించిన రిపోర్టు మధ్యాహ్నానికల్లా పంపిస్తాను. లోర్నా కనిపెట్టింది. రెండు రంగులద్దించి మరీ చూసింది. ఇక నుంచి ప్రతి కేసుకీ అలాగే చెయ్యాలి. నేను చెయ్యాల్సింది, చెయ్యలేదు."

లోర్నా వింటూ నిలబడింది. తప్పు నాదే. ఆ మాటను అతడు ఎంత సులువుగా అన్నాడు! దాహమేసినవాడు నీళ్లడిగినట్టు అన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ రెండు మాటలూ ఆమె నోటి నుంచి ఒక్కసారైనా అలా వచ్చాయా? 'పునఃపరిశీలనలో తేలినది', 'అదనపు పరీక్షల వెలుగులో' అని రాసింది. ఎన్నో రాసింది. ఆమె కోరుకున్న ఘనతంతా అతడు తన చేతులతోనే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అయినా కడుపులో మంట చల్లారలేదు సరికదా, ఎగసింది. ఆ అంకెలు, ఆ పేరు, ఆ నడవా చివరి తలుపు, అవన్నీ ఏపాటి! ఆమె నిజంగా ఓర్వలేనిది ఆ సులువునే.

"దేవుడా" అన్నాడు కాసినెల్లి. "సరే. సరే, ఇప్పుడే ఫోన్ చేస్తాను ఆమెకి. లోర్నా ఉందా అక్కడ?"

"ఉన్నాను."

"బంగారం లాంటి కన్ను అమ్మా మీది. అదే లేకపోతే ఏమయ్యేది! ఒక్క సంగతి చెప్పండి. టెగన్ అడుగుతుంది కదా. పాలు మాన్పించి మూడు రోజులైంది, పాప సీసా పట్టక రాత్రంతా ఏడుస్తోందట. ఎప్పుడు తెలిసింది మీకు? ఇవాళేనా?"

ఇవాళే అని ఆమె అనలేదు, అతనే అన్నాడు. ఆమె ఊ అంటే చాలు. గ్లెనిస్ నోరు విప్పదు. స్లైడు మీద తేదీని ఎవరూ చూడరు. కేలబ్ ఆమె వైపు చూస్తున్నాడు; ఆ చూపులో అనుమానం లేదు, కృతజ్ఞతే ఉంది, అదీ మొయ్యలేనంత.

ఊ అంటే అతడొక్కడే మిగులుతాడు. ఈ షెడ్డులో, ఈ ఫోనులో, తప్పు నాదే అనగలిగినవాడు అతడొక్కడే అవుతాడు. ఆమె బంగారు కన్నుగా మిగిలిపోతుంది. తన దగ్గర ఉన్నవన్నీ ఒక్కటొక్కటే తీసుకున్నాడనుకుంటూ వచ్చింది కదా. దీన్ని మాత్రం అతనొక్కడికే వదిలిపెట్టలేకపోయింది.

"గురువారం" అంది లోర్నా.

"గురువారమా?"

"గురువారం మధ్యాహ్నం చూశాను. శుక్రవారం పొద్దున రుజువు చేసుకున్నాను. చెప్పలేదు. సమావేశంలో అందరి ముందూ చెబుదామని ఆగాను. తప్పు నాదే."

ఆ మాట సులువుగా రాలేదు. ఎక్కడో రాయికి తగిలినట్టు గరగరలాడుతూ వచ్చింది. ఎక్కడో ఒక పుంజు కూసింది.

"శుక్రవారం సాయంత్రం ఆరింటికి నేను ఆమెకి ఫోన్ చేశాను" అన్నాడు కాసినెల్లి నెమ్మదిగా. ఫోను పెట్టేశాడు.

కేలబ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పంజరం తలుపు గడియ సరిగ్గా పడిందో లేదో ఒకసారి లాగి చూశాడు. అతని మెడ మీది ఎరుపు అప్పటికి తగ్గిపోయింది. ముఖం తెల్లగా, మూసుకుపోయి ఉంది.

"ఆ రోజు నేను లోపలికి వచ్చేసరికి మీరు చూసేశారు" అన్నాడు.

"చూశాను."

"బాగా ఉరకలేస్తోందన్నాను. మీరేమీ అనలేదు."

"చూద్దామన్నాను."

అతడు తల ఊపాడు. అరిచి ఉంటే జవాబు చెప్పడానికి ఆమె సిద్ధంగా ఉంది. అతడు అరవలేదు. "రిపోర్టు సవరించాలి. రెండో సంతకం కావాలి. వస్తారుగా" అని మాత్రం అని, టోపీ పెట్టుకుని ముందు నడిచాడు.

జనంలోంచి అతడు వేగంగా పోతున్నాడు, ఆమె కోసం ఆగకుండా, వెనక్కి తిరగకుండా. లోర్నా ఆ వీపును చూస్తూ, అందుకోవడానికి పెద్ద పెద్ద అడుగులు వేసింది. మనసు తేలికపడలేదు. నిజం చెబితే తేలికపడుతుందనేది రుజువు లేని నమ్మకాలలో ఒకటి. అతని కోపం మాత్రం ఎంత శుభ్రంగా ఉంది! ఎక్కడా మరకలేని కోపం, పూర్తి హక్కున్న కోపం. తోపుడు బళ్లను తప్పించుకుంటూ, దుమ్ములో అతని వెనక నడుస్తూ, ఆమె దాన్ని చూసి కూడా అసూయపడింది.